చెరువు ఒడ్డున సొంత జెట్టీ కట్టుకోవచ్చా?

విశాఖ చుట్టుపక్కల భీమిలి రోడ్డులోనో, ఆనందపురం పక్కనో, అచ్యుతాపురం దాటాకో నీళ్లు కనిపించేలా కొంచెం స్థలం కొన్నవాళ్లకు కొన్నాళ్లకే ఒక కోరిక పుడుతుంది. గట్టు మీంచి నీళ్లలోకి నాలుగు స్తంభాలు దింపి, పైన చెక్కలు పరిచి, చివర చిన్న పడవ కట్టుకుంటే ఎంత బావుంటుంది! అమెరికాలో ఉన్న పిల్లలు పంపే ఫోటోల్లో సరస్సు ఒడ్డున ప్రతి ఇంటి ముందూ అలాంటిదొకటి కనిపిస్తుంది కదా. ఎంతవుతుందని మేస్త్రీని అడుగుతారు, ఆయనో లెక్క చెప్తాడు. అయితే ముందు అడగాల్సిన ప్రశ్నకు జవాబు మేస్త్రీ దగ్గర దొరకదు. ఆ నీటి అంచు ఎక్కడుంది?

ఇదేం ప్రశ్న, కళ్లముందే ఉందిగా అనిపించొచ్చు. కానీ మే నెలలో కనిపించే అంచు వేరు, తుపాను వానలు పడ్డాక అక్టోబరు, నవంబరుల్లో కనిపించే అంచు వేరు. ఈ రెంటి మధ్య నేల కొన్నిచోట్ల పదుల మీటర్ల వెడల్పుంటుంది. జెట్టీ కట్టేది సరిగ్గా అక్కడే. ఆ నేల ఎవరిదన్నది చట్టం ప్రశ్న. అక్కడ ఏది నిలబడుతుందన్నది ఇంజినీరింగ్ ప్రశ్న. రెండూ విడివిడిగా అడుగుతారు గానీ, నిజానికి రెండూ ఒకే గీత మీద ఆధారపడ్డాయి. ఆ గీత కదులుతూ ఉంటుంది.

ఫోటోల్లోని జెట్టీలు

ముందు ఆ అమెరికా ఫోటోల సంగతి తేల్చేద్దాం. విస్కాన్సిన్ రాష్ట్రాన్నే తీసుకుంటే, అక్కడ కూడా సహజ సరస్సు అడుగునేల ఇంటాయనది కాదు, ప్రజల తరఫున రాష్ట్రానిది. తేడా ఏంటంటే, ఒడ్డున భూమి ఉన్నవాడికి నీళ్లలోకి జెట్టీ వేసుకునే హక్కును అక్కడి చట్టం గుర్తించి, దానికి కొలతలు పెట్టింది. వెడల్పు మామూలుగా 6 అడుగులు. మొదటి 50 అడుగుల ఒడ్డుకు రెండు పడవలు, ఆపైన ప్రతి 50 అడుగులకు ఇంకోటి. ఈ హద్దుల్లో ఉంటే విడిగా అనుమతి అక్కర్లేదు. చలికాలంలో సరస్సు గడ్డకట్టి, ఆ మంచు స్తంభాలను మెలిపెట్టేస్తుంది కాబట్టి చాలామంది ఏటా జెట్టీని ఊడదీసి ఒడ్డున పేర్చి, వసంతంలో మళ్లీ బిగిస్తారు. అక్కడ జెట్టీ మరమ్మతు అంటే సగం ఇదే పని.

మనకు ఆ మంచూ లేదు, ఆ హక్కూ లేదు. ఫోటో చూసి కొలతలు తీసుకుంటే రెండు విధాలా పొరపాటే.

నేల ఎవరిది?

మన దగ్గర ఈ విషయానికి మూలం మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల నాటి 1905 భూ ఆక్రమణల చట్టం. నదులు, వాగులు, సరస్సులు, చెరువుల అడుగునేల, వాటిలో నిలిచిన నీరు, పారే నీరు ప్రభుత్వ ఆస్తి అని దాని రెండో సెక్షన్ ప్రకటించింది. రికార్డుల్లో చెరువు పోరంబోకు అని ఉండేది ఇదే. మీ జిరాయితీ భూమికి, అంటే సొంత హక్కున్న భూమికి, పట్టా ఉండొచ్చు, రిజిస్ట్రేషను పక్కాగా ఉండొచ్చు. కానీ పూర్తి నీటిమట్టం, అంటే అందరూ ఎఫ్‌టీఎల్ అనే గీత, దాటి లోపల ఒక్క కర్ర పాతినా అది చెరువు నేలలో పాతినట్టే. వేసవిలో అక్కడ ఆవులు మేస్తున్నా, నేల బీటలు వారి ఉన్నా సరే.

ఉత్తరాంధ్రలో తరచూ వినిపించే వాదన ఒకటుంది. "మాకు బి-మెమో ఉందండీ, ఏటా పన్ను కడుతున్నాం." బి-మెమో ఆక్రమణకు వేసిన జరిమానాకు కాగితం. అది చేతిలో ఉందంటే ఆ భూమి మీది కాదని మీరే సాక్ష్యం దాచుకున్నట్టు. అదే చట్టం కింద అధికారులు నోటీసిచ్చి ఖాళీ చేయించగలరు. దాన్ని చూపించి స్థలం అమ్మేవాళ్లూ ఉన్నారు, అది చూసి కొనేవాళ్లూ ఉన్నారు.

మరి ఒడ్డున ఉన్నవాడికి ఏ హక్కూ లేదా అంటే, ఉంది. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం దాన్ని చక్కగా చెప్తుంది. సహజమైన ఏరు, సరస్సు, కొలను ఒడ్డున భూమి ఉన్నవాడు ఆ నీటిని తాగడానికి, ఇంటి అవసరాలకు, పశువులకు వాడుకోవచ్చు. తోటివాళ్లకు చెప్పుకోదగ్గ నష్టం కలగనంతవరకు పొలానికి పెట్టుకోవచ్చు. బిందె ముంచుకోవచ్చన్నమాట. స్తంభం పాతుకోవచ్చని మాత్రం అందులో ఎక్కడా లేదు.

ఒడ్డున మీ సొంత నేల మీద కట్టుకునేదానికీ హద్దుంది. భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, ఆపై విస్తీర్ణమున్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్ల దాకా, అంతకన్నా చిన్న చెరువైతే 9 మీటర్ల దాకా ఏమీ కట్టకూడదు. అంటే జెట్టీ సంగతి అటుంచి, జెట్టీ దగ్గరికి దిగే మెట్ల పక్కన కట్టాలనుకున్న ఆ చిన్న గది కూడా చిక్కులో పడ్డట్టే.

ఇక 2017 చిత్తడి నేలల నిబంధనలు. చాలామంది తమకు అనుకూలంగా చదువుకునేది వీటినే. గత పదేళ్లలో గమనించిన సగటు గరిష్ఠ వరద మట్టం నుంచి 50 మీటర్ల లోపు శాశ్వత కట్టడాలు కూడదని చెప్తూ, పడవల జెట్టీలను మాత్రం అందులోంచి మినహాయించారు. "చూశారా, జెట్టీకి అడ్డు లేదు" అంటారు. ఆ మాట నిజమే, కానీ సగమే. ఆ మినహాయింపు ఒక నిషేధం నుంచి మాత్రమే. ఆక్రమణ కూడదన్న నిషేధం అదే నిబంధనలో పక్కనే ఉంది, నేల ప్రభుత్వానిదన్న పాత చట్టం అలాగే ఉంది. అది అక్కరకొచ్చేది ప్రభుత్వమో, పంచాయతీయో, అనుమతి ఉన్న మత్స్యకారుల సంఘమో వేసే రేవుకు. మన పెరటి జెట్టీకి అది లైసెన్సు కాదు.

పైగా ఈ నిబంధనలు అన్ని నీళ్లకూ ఒకేలా వర్తించవు. విశాఖ చుట్టూ చూస్తే ఆ తేడా బాగా తెలుస్తుంది. ముడసర్లోవ బ్రిటిష్ కాలం నుంచి నగరానికి తాగునీరిస్తున్న రిజర్వాయరు. మేఘాద్రిగెడ్డ నీళ్లూ తాగడానికే వస్తున్నాయి. తాగునీటికీ సాగునీటికీ ప్రత్యేకంగా కట్టిన జలాశయాలు ఆ చిత్తడి నేలల నిర్వచనంలోకి రావు. అలాగని చేతులు దులుపుకోవడానికి లేదు. అవి ప్రభుత్వ శాఖల చేతిలోని కట్టడాలు, అక్కడ ప్రైవేటు మనిషి పడవ దించడమే కుదరని పని. కొండకర్ల ఆవ దారి వేరు. అది సహజంగా ఏర్పడ్డ మంచినీటి సరస్సు, కొల్లేరు తర్వాత రాష్ట్రంలో పెద్దదని పేరు. 2.25 హెక్టార్లు మించిన 2,01,503 చిత్తడి నేలలను ఉపగ్రహ చిత్రాలతో గుర్తించిన జాబితా ఒకటుంది. తుది నోటిఫికేషను రాకపోయినా వాటిని కాపాడాల్సిందేనని సుప్రీంకోర్టు 2017లో ఆదేశించింది. భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోటు మరో రకం. అక్కడ పోటు తగులుతుంది కాబట్టి తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనలు వస్తాయి. ఎండలు ముదిరిన రోజుల్లో నీటిలో ఉప్పు వెయ్యికి 5 పాళ్లు ఉన్నంత మేర లోపలికి వాటి పరిధే. ఒకే నది, పైన తాటిపూడి దగ్గర ఒక చట్టం, కింద భీమిలిలో ఇంకో చట్టం.

కోర్టులు ఈ విషయంలో ఎటువైపున్నాయో ఊహించుకోనక్కర్లేదు. నదులు, చెరువులు ప్రజల ఆస్తి, ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేనని సుప్రీంకోర్టు 1996లో బియాస్ నది ఒడ్డున ఓ రిసార్టు కేసులో చెప్పింది. 2006లో తిరుపతి అవిలాల, పేరూరు చెరువుల కేసు వచ్చింది. చెరువు ఎండిపోయిందని చెప్పి ఇళ్లకు ఇచ్చేయడాన్ని కోర్టు తప్పుపట్టింది. మన రాష్ట్రంలోనే కొల్లేరు ఉంది. అక్కడ అభయారణ్యం హద్దును సర్వే రాళ్లతో కాక, సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తున్న చోట్లను కలిపే గీత, అంటే కాంటూరుతో గీశారు. అంటే నీటిమట్టమే హద్దు. ఆ గీత లోపలున్న చేపల చెరువుల గట్లను 2006లో పేల్చేశారు. లోపల పట్టాలున్నవాళ్లు ఇప్పటికీ ఆ గీత గురించే తగువాడుతున్నారు.

మరి సొంత జెట్టీ అసలు ఎక్కడా కుదరదా? కుదిరే చోటు ఒకటుంది. మీ జిరాయితీ భూమిలో మీరే తవ్వుకున్న చెరువు. వాగుకు అడ్డు కట్టకుండా, ఎవరి పారుదలా ఆపకుండా, వినోదం కోసమో చేపల కోసమో తవ్విన గుంట అయితే ఆ నేలా మీదే, నీళ్లూ మీవే. నగరం చుట్టూ రిసార్టుల్లో, తోటల్లో కనిపించే చెక్క జెట్టీలు పద్ధతిగా కట్టినవైతే ఇలాంటి గుంటల్లోనివే. కొనేముందు ఎఫ్‌ఎంబీ, అంటే హద్దుల కొలతలున్న పటం, నకలు తీయించి, సర్వే నంబరు రిజిస్ట్రేషను కుదరని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూసి, సచివాలయం సర్వేయరుతో కొలిపిస్తే చాలా టెన్షన్ తప్పుతుంది. అది కూడా వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు కాదు, చెరువు నిండినప్పుడు ఓసారి వెళ్లి కళ్లారా చూశాక.

పాతడమా, తేల్చడమా?

ఇక కట్టడం. అది మీ గుంటలో కావచ్చు, లేదా పంచాయతీ, సంఘం వేయించే ఉమ్మడి రేవు కావచ్చు. ఇక్కడా మొదటి లెక్క నీటి అంచుదే. మేఘాద్రిగెడ్డ పూర్తి మట్టం 61 అడుగులు. ఏడాదిలో ఎక్కువ రోజులు నీళ్లు దానికి కిందే ఉంటాయి. మన జలాశయాలన్నీ ఇంతే, వానకు నిండుతాయి, వాడకానికి తరుగుతాయి. నిండు మట్టానికి సరిపోయే ఎత్తులో స్తంభాల మీద జెట్టీ కడితే, మేలో అది గాల్లో వేలాడుతుంది, పడవ కింద బురదలో ఉంటుంది. మే మట్టానికి కడితే నవంబరులో నీళ్ల కింద ఉంటుంది. మట్టం రెండు మూడు అడుగులకు మించి మారే చోట స్తంభాల జెట్టీ కట్టడం డబ్బు నీళ్లపాలు చేయడమే. తేలే జెట్టీ వైపు వెళ్లడం మేలు.

తేలే జెట్టీ గురించి నేర్చుకోవడానికి కొండకర్ల మంచి చోటు. అక్కడ తాటి దోనెలు ఇంకా వాడుకలో ఉన్నాయి. ముదురు తాటి మానుకు గట్టితనమంతా బయటి అంచు చుట్టూ ఉంటుంది, లోపలిది మెత్తటి పీచు. అందుకే లోపల తొలిచేస్తే దోనె తయారవుతుంది. కానీ ఒంటి దోనె ఎక్కి నిలబడి చూడండి, అది మనిషిని వెంటనే నీళ్లలోకి దొర్లించేస్తుంది. అందుకని రెంటిని పక్కపక్కన చేర్చి, అడ్డకర్రలతో బిగించి కట్టేస్తారు. తేలే బలం రెట్టింపైంది, నిలకడ మాత్రం ఎన్నో రెట్లు పెరిగింది. తేలే దేనికైనా ప్రాణం వెడల్పులోనే ఉంటుంది.

లెక్క వేసి చూద్దాం. 2 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల పొడవు జెట్టీ అనుకోండి. చదరపు మీటరుకు ఫ్రేము, చెక్కలు కలిపి 40 కిలోలంటే మొత్తం 480 కిలోలు. పది మంది ఎక్కితే మరో 700. మొత్తం 1,180 కిలోలు. 200 లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్ము సగం మునిగితే 100 కిలోల నీటిని తోస్తుంది, తన బరువు తీసేస్తే 90 కిలోలు మోస్తుంది. అంటే పదమూడు పైచిలుకు, రెండు వరసల్లో సమంగా రావాలి కాబట్టి 14 డ్రమ్ములు. లెక్క సరిపోయింది కదా అని సంతోషించకూడదు. పది మందీ సెల్ఫీ కోసం ఒకే అంచుకు చేరారనుకోండి. ఆ పక్క వరస జానెడుకు పైగా కిందికి దిగుతుంది, రెండో పక్క లేస్తుంది. వెడల్పు ఒకటిన్నర మీటరే అయితే ఇంకా ఎక్కువ వాలుతుంది. జెట్టీ మునిగి కాదు, ఇలా వాలడం వల్లే మనుషులు పడతారు.

ఆ డ్రమ్ముల గురించి ఒక మాట. పాత సామాన్ల కొట్లలో చవగ్గా దొరికే వాటిలో చాలావాటిలో అంతకుముందు ఏదో రసాయనం ఉండి ఉంటుంది. పరవాడ ఫార్మా కంపెనీలున్న ఊరు మనది, డ్రమ్ములకు కొదవేముంది. వాటిని తెచ్చి చెరువు గట్టునే కడుగుతారు. చేపలు తేలాక చెరువులో ఏదో వ్యాధి వచ్చిందంటారు. కొత్త డ్రమ్ములో, జెట్టీలకే గట్టి ప్లాస్టిక్‌తో చేసే హెచ్‌డీపీఈ దిమ్మెలో కొనడం ఖర్చే, కానీ దానికి వేరే దారి లేదు.

తేలే జెట్టీకి ఒడ్డు నుంచి వెళ్లే ర్యాంపు దగ్గర మళ్లీ నీటిమట్టం అడ్డొస్తుంది. మట్టం 2 మీటర్లు తగ్గిందనుకోండి. 4 మీటర్ల ర్యాంపైతే ముప్పై డిగ్రీల వాలు, తడి చెప్పులతో పెద్దవాళ్లు దిగలేరు. 8 మీటర్లదైతే అందులో సగం వాలు. ర్యాంపు పైచివర కీలు మీద తిరగాలి, కిందిచివర జెట్టీ మీద చక్రాలతోనో గొట్టంతోనో జరగాలి. రెండు చివర్లూ బిగించేస్తే మొదటి వరదకే ఏదో ఒకటి విరుగుతుంది.

ఇంకా ముఖ్యమైంది లంగరు. తేలేదాన్ని తేల్చడం సులువు, ఉన్నచోటే ఉంచడం కష్టం. ముడసర్లోవలో 2018లో 2 మెగావాట్ల సౌర ఫలకలను నీటిమీద తేల్చారు. పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రం జలాశయంలో 2021లో 25 మెగావాట్లు తేల్చారు. ఆ ఫలకల కిందున్నవీ జెట్టీ దిమ్మెల జాతివే. వాటిలో అసలు ఇంజినీరింగంతా నీటి కింద కనిపించని తాళ్లలో, బరువుల్లో ఉంటుంది. మట్టం పెరిగినా తగ్గినా తాడు సరిపోవాలి, గాలికి జరగకూడదు. 2014 హుద్‌హుద్‌లో గంటకు 180 కిలోమీటర్ల గాలి చూసిన ఊరికి ఆ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆర్కే బీచ్‌లో 2024 ఫిబ్రవరి 25న తేలే వంతెన ప్రారంభిస్తే, మర్నాడే దాని చివరి వేదిక విడిపోయి కనిపించింది. పరీక్ష కోసం తామే విడదీశామని అధికారులు అన్నారు. సముద్రమంత అల చెరువులో రాదు. కానీ చెరువులో గుర్రపుడెక్క ఉంటుంది. గాలి వాటంగా అది ఎకరాలకొద్దీ చాపలా కొట్టుకొచ్చి జెట్టీకి ఆనుకుంటుంది, ఆ తోపుడంతా లంగరు తాడు మీదే పడుతుంది. ఈ లెక్క ఎవరూ వేయరు. వారానికోసారి డెక్క తీయించడమే దానికి విరుగుడు.

స్తంభాలు వేసినా, తేల్చినా ఒకటి మాత్రం చేయొద్దు. రాళ్లు, మట్టి పోసి నీళ్లలోకి గట్టులా పొడిగించడం. దాని కింద నీరు కదలదు, పక్కన పూడిక చేరుతుంది, వలలకు దారి మూసుకుపోతుంది. చట్టం దృష్టిలో కూడా అది జెట్టీ కాదు, చెరువు పూడ్చడమే.

ఎక్కడ పాడవుతుంది, ఎలా బాగుచేయాలి

చేపల రేవులో కర్ర స్తంభాన్ని చూసినవాళ్లకు సముద్రపు పురుగు తొలిచే తొర్రలు తెలిసే ఉంటాయి. మంచినీటిలో ఆ పురుగు బతకదు. అలాగని కర్ర శాశ్వతం కాదు. ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉన్న భాగానికి గాలి అందదు కాబట్టి బూజు పట్టదు, ఏళ్లతరబడి గట్టిగా ఉంటుంది. పైన ఎండలో ఉన్న భాగమూ తొందరగా పాడవదు. ఓసారి తడిసి ఓసారి ఎండే ఆ మధ్య పట్టీలోనే పుచ్చు మొదలవుతుంది. సరుగుడు కర్ర పైకి చక్కగా కనిపిస్తుంది, ఆ పట్టీ దగ్గర స్క్రూడ్రైవరు గుచ్చితే బొటనవేలంత లోతుకు దిగిపోతుంది. మట్టం ఎక్కువగా మారే చెరువులో ఆ పట్టీ పొడవు, కాబట్టి పుచ్చే భాగమూ ఎక్కువ. చూడాల్సింది వేసవిలో, స్తంభమంతా బయటపడ్డప్పుడు. పుచ్చు పట్టీని కోసేసి, కింద గట్టిగా ఉన్న మొదలు మీద కొత్త ముక్కను ఇనుప పట్టాలతో బిగించొచ్చు. పక్కనే ఇంకో స్తంభం దింపి బరువు దానిమీదికి మార్చొచ్చు. క్రోమియం, ఆర్సెనిక్ కలిసిన మందు పట్టించిన కర్ర ఎక్కువ కాలం నిలుస్తుంది. తాగే నీటిలో మాత్రం దానికి చోటు లేదు.

కాంక్రీటుదీ అదే కథ. తడిసి ఎండే చోటును కాంక్రీటు పనులకు మన దేశంలో పాటించే ఐఎస్ 456 ప్రమాణం తీవ్రమైన పరిస్థితిగా లెక్కగడుతుంది. ఎం30 బలమున్న కాంక్రీటు, ఊచల మీద 45 మిల్లీమీటర్ల పొర ఉండాలంటుంది. పని జరిగేటప్పుడు ఊచలను ఎడంగా నిలిపే కవరు దిమ్మెలు పెట్టకుండా పోస్తే ఆ 45 కాస్తా 15 అవుతుంది, కొన్నేళ్లకు ఊచ తుప్పుపట్టి ఉబ్బి పెచ్చులూడుతుంది. అప్పుడు పైన సిమెంటు పూత పూసి రంగు వేయడం మరమ్మతు కాదు. ఊచ వెనక దాకా చెక్కి, తుప్పు పూర్తిగా గీకి, సన్నబడ్డ ఊచకు జోడు వేసి, ఆ తర్వాతే కొత్త పొర పోయాలి. ముడసర్లోవలాంటి చోట నీళ్లు మంచివే గానీ గాలి సముద్రానిది. మామూలు ఇనప బోల్టును తొందరగా తినేస్తుంది. గాల్వనైజ్డ్‌ది నయం, 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు ఇంకా నయం.

మరమ్మతు పనికి యంత్రాలను నీళ్లు తగ్గిన నేల మీదికి దించడం చాలామంది చేసే పనే. అది చెరువు గర్భమని ఎవరికీ గుర్తుండదు. ఇంకో మెలిక, మరమ్మతు పేరుతో పాతదాన్ని పొడిగించడం. ఎన్నేళ్లుగా ఉన్నా అనుమతి లేని జెట్టీకి మరమ్మతు కొత్త హక్కు ఇవ్వదు. పైగా సిమెంటు లారీ వచ్చినప్పుడే పక్కవాడు ఫిర్యాదు చేస్తాడు, ఫైలు కదిలేది అప్పుడే. అనుమతి ఉన్న ఉమ్మడి రేవైనా సరే, పని మొదలుపెట్టేముందు పాత కొలతలు, నిండు మట్టం గుర్తు, ఫోటోలు తేదీతో సహా రాసిపెట్టుకుని, ఏ శాఖ నీళ్లో ఆ శాఖకు కాగితం ఇచ్చి రసీదు తీసుకోవాలి. జెట్టీకి మోటారు పడవ కట్టేటట్టయితే 2021 అంతర్దేశీయ నౌకల చట్టం కింద దానికి రిజిస్ట్రేషను వేరే.